హాంకాంగ్ పిలగానికి పిట్ట ముట్టింది

బత్తాయి తోట కాడ,
దేవరకొండ దగ్గర.

గౌరవనీయులైన లింగస్వామన్నకు,

పెద్దులు దండం పెట్టి రాసేది. మేము ఇక్కడ క్షేమం. మా తాత పోచయ్య సచ్చిపోయిండు. మీరు గూడ సచ్చిపోయి అక్కడ క్షేమంగ ఉన్నరని తలుస్తున్నం.

అన్నా, నాకు ఫోన్ల మాట్లాడాలంటే సిగ్గు. మందిల మాట్లాడాలన్నా సిగ్గే. ఏడో తరగతిల బడి బందువెట్టిన. బడిల నాకు సక్కగ వచ్చింది ఉత్తరం రాసుడు ఒక్కటే. అందుకే ఫోన్ల మెసేజ్ గూడ ఉత్తరం లెక్కనే రాస్తున్న. తప్పులుంటే ఏమనుకోకుండ్రి.

మీ ఛానల్ల 'ఆరని పొయ్యి' అని హాంకాంగ్ సినిమా కత చెప్పిండ్రు గద. అది నేను, మా అవ్వ నర్సింగమ్మ చూసినం. బండి మీద నూడుల్స్ అమ్మే పిలగాడు ఇష్టమైన పిల్లకు సూప్ తీస్కపోతుంటే వానల లారీ గుద్ది సచ్చిపోతడు. ఆయన ముట్టిచ్చిన పొయ్యి ఆరనన్ని దినాలు ఆవిరిల ఆయన రూపం కనవడ్తది. ఆ పిల్ల పొయ్యి ఆరనియ్యది. తిండి లేదు, నిద్ర లేదు, పొయ్యి కాడనే. ఆఖరికి ఆయనే అంటడు, 'ఇగ ఆర్పు, నన్ను పోనియ్యి' అని. ఆ పిల్ల ఆయన్ను పేరు పెట్టి గట్టిగ పిలిచి, పొయ్యి ఆర్పుతది.

అన్నా, మా అవ్వ కొంగంత తడిసింది. తాత పోయినప్పుడు గూడ మా ఇంట్ల గంత ఏడుపు లేదు. ఏడ్సినంక జర పాణం తేలికైంది. అందుకు మీకు మస్తు థాంక్స్.

మీ సావుకు సంతాపం చెప్పుమని అవ్వ అన్నది. చెప్తున్న.

ఇట్లు
మీ వీడియో రెండుసార్లు చూసిన
పెద్దులు

తా.క.: వానల సచ్చిపోయిండని, కాలవెడ్తే పోయినోళ్ళకు ముడ్తదని, ఆ పిల్ల మీకోసం కాయిదం గొడుగు కాలవెట్టింది గద. అది వానకు ఆగిందా అని అవ్వ అడుగుతాంది.

*

షాద్‌నగర్.

పెద్దులు అనే పేరు పెట్టుకున్న మహాశయునికి,

లింగస్వామి నమస్కారాలు. అన్నిటికన్నా ముందు ఒక మాట. నేను చనిపోలేదు.

నా ఛానల్ చూసేవాళ్లే తక్కువ. వాళ్లలో ఒకరు మెసేజ్ పంపారని సంబరపడి, మా ఆవిడ సుమనను పిలిచి మరీ పైకి చదివాను. 'మీ సావుకు సంతాపం' దాకా వచ్చేసరికి ఆమె లోపలికి వెళ్లి మిరపకాయలు, ఉప్పు తెచ్చి నాకు దిష్టి తీసింది. ఇల్లంతా ఘాటు. ఇంకా దగ్గుతూనే ఉన్నాను.

ఇది ఎవరి పనో నాకు తెలుసు. సురేశూ, పక్క వీధిలో కూర్చుని కొరియా సినిమాల కథలు చెప్పుకునేవాడివి, నాతో పోటీ ఉంటే వీడియోలో చూపించు. పల్లెటూరి పిల్లవాడిలా నటించి నన్ను బతికుండగానే పైకి పంపకు. ఆ యాస కూడా నీకు సరిగ్గా రాలేదు.

ఇట్లు
ఊపిరి పీలుస్తున్న
లింగస్వామి

తా.క.: గొడుగు సంగతి మాత్రం బాగా అడిగావు. సినిమాలో చూపించలేదు.

*

బత్తాయి తోట కాడ.

ఊపిరి పీలుస్తున్న లింగస్వామన్నకు,

పెద్దులు రెండు చేతులతోటి దండం పెట్టి రాసేది. అన్నా, నేను సురేశ్‌ను కాదు. సురేశ్ ఎవరో నాకు ఎర్కలేదు. గీ యాస నాది. నాకు గిదొక్కటే వస్తది.

మీరు బతికున్నరని నాకు ఎర్కే, అవ్వ చెప్పినట్టు రాసిన. అవ్వకు ఎట్ల చెప్పాల్నో తెలుస్తలేదు. మీరు కత చెప్పేటప్పుడు ఆ పిలగాడు చెప్పినట్టే 'నేను లారీ కింద పడ్డాను, నేను ఈ లోకం విడిచిపెట్టాను' అంటరు గద. సచ్చినాయనే సొంతంగ చెప్తుండని అవ్వ అనుకున్నది. హాంకాంగోనికి లింగస్వామి అని పేరెట్లుంటదే అని అడిగిన. 'సచ్చినంక మన దిక్కు వచ్చిండు' అన్నది. తెలుగు ఎట్ల వచ్చిందే అంటే, 'సచ్చినోళ్ళకు అన్ని భాషలు వస్తయ్' అన్నది. నేను ఎదురు మాట్లాడలేను. నాకు మాటలు గంతగనం రావు.

అసలు సంగతి వేరే ఉన్నది. మా తాతకు పిట్ట ముట్టలేదు.

మీకు ఎర్కే గద, మనిషి పోయినంక ఆయనకిష్టమైనయన్ని వండి ఆకుల పెట్టి దూరం జరుగుతం. కాకి వచ్చి ముడ్తే పోయినోళ్ళు తృప్తిగ పోయినట్టు. రాకపోతే ఏదో మిగిలిపోయినట్టు. పుణెల బిల్డింగుల పని చేసే మా అమ్మ, బాపు ఆ దినాలకు వచ్చిండ్రు. పిట్ట వస్తలేదని బాపు 'నాయినా, తాగుడు బందువెడ్త' అని ఒట్టేసిండు. రాలే. గుర్వయ్య పెదనాయిన ముందుకొచ్చి 'పోచయ్య చిన్నాయినా, నీ చెల్కల రెండు సాళ్ళు నేనే కలుపుకున్న, ఇడ్సిపెడ్త' అన్నడు. మందంత పిట్టను మర్చి గుర్వయ్య పెదనాయిన దిక్కు చూసిండ్రు. అయినా రాలే. 'మనుమన్ని పిలువుమనుండ్రి, వాడంటే పోచయ్యకు పాణం' అన్నరు. నన్ను ముందల నిలవెట్టిండ్రు. గంత మందిల నాకు నోరు రాలే. ఆఖరికి ఆకు ఆవుకు పెట్టిండ్రు.

అప్పటి సంది అవ్వ సక్కగ తింటలేదు. పొద్దుగాల తన బువ్వల సగం తీస్కపోయి బాయి కాడి బండ మీద వెట్టొస్తాంది. ఆకలైతలేదు అంటది. నాకు భయమైతాంది అన్నా.

అవ్వ రెండు ముచ్చట్లు అడుగుమన్నది. మా తాత అక్కడ కనవడ్డడా, ఎవరి మీదన్న కోపంగ ఉన్నడా అనేది ఒకటి. ఇంకోటి, హాంకాంగ్‌ల మీకు పిట్టకు పెట్టినట్టు సినిమాల లేదు. అందుకే ఆవిరి పట్టుకొని తిరిగిండ్రట. మీకు ఏమిష్టమో చెప్తే మేమే పెడ్తం అన్నది.

ఇట్లు
సురేశ్ కాని
పెద్దులు

తా.క.: సుమనక్కకు చెప్పుండ్రి, దిష్టి తీసుడు మంచిదే అని అవ్వ అన్నది. కని సచ్చినంక తీస్తే ఏం ఫాయిదా అని గూడ అన్నది.

*

షాద్‌నగర్.

తమ్ముడు పెద్దులుకు,

లింగస్వామి ఆశీస్సులు. నిన్ను సురేశ్ అనుకున్నందుకు ఏమనుకోకు. సురేశ్‌తో గొడవకు కూడా వెళ్లాను. వాడు నాకు చాయ్ తాగించి పంపాడు. ఇప్పుడు వాడి ముందు తల ఎత్తలేకపోతున్నాను.

నీ ఉత్తరం చదివి సుమన కళ్లు తుడుచుకుంది. పిట్ట ముట్టకపోతే ఇంట్లోవాళ్ల ప్రాణం ఎట్లా కొట్టుకుంటుందో మాకూ తెలుసు. కానీ తమ్ముడూ, మీ అవ్వకు నువ్వే నిదానంగా చెప్పాలి. నేను షాద్‌నగర్‌లో ఉంటాను. మందుగోళీల కంపెనీలో పని. సెలవు రోజున సినిమా కథలు చెప్తాను. ఆ సినిమా కాంటనీస్ భాషది, నాకు ఒక్క ముక్క రాదు. కింద వచ్చే అక్షరాలు చదువుకుని, ఏడుపొస్తే ఏడుస్తూ చెప్తాను. మీ తాత నాకు కనపడలేదు. నేను కంపెనీకి, ఇంటికి తప్ప ఎక్కడికీ పోను.

ఉత్త మాటలు నమ్మదేమోనని డ్యూటీలో ఉన్న నా ఫోటో పంపుతున్నాను. అవ్వకు చూపించు. ఫోటో చూస్తే ఎవరికైనా అర్థమైపోతుంది.

ఇక ఆ హాంకాంగ్ పిలగాడికి సినిమాలో గుడ్డు వేసిన నూడుల్స్ ఇష్టం. ఊరికే తెలియాలని చెప్పాను. పెట్టమని కాదు.

ఇట్లు
లింగస్వామి

తా.క.: అవ్వను తినమని చెప్పు. నేను చెప్పానని చెప్పు. ఏ లోకం నుంచి చెప్పానన్నది తర్వాత చూసుకుందాం.

*

బత్తాయి తోట కాడ.

లింగస్వామన్నకు,

పెద్దులు దండం పెట్టి రాసేది. అన్నా, ఫోటో పంపకుంటేనే మంచిగుంటుండె.

తెల్ల కోటు, తెల్ల టోపీ తొడుక్కొని నిలవడ్డరు. వెనక బాయిలర్ కావొచ్చు, తెల్లగ ఆవిరి లేస్తాంది. అవ్వ ఫోన్ను కండ్లకద్దుకున్నది. 'చూసినవార, ఆవిరిలనే ఉన్నడు. పాపం, సచ్చినంక గూడ డ్యూటీ ఏస్తున్రు' అన్నది. షాద్‌నగర్ల ఉంటడట అవ్వా అంటే, 'గంత దగ్గర్నే ఉన్నదా ఆ లోకం? బస్సు పోతదా?' అని అడిగింది. పోతది అన్న. అబద్ధం చెప్పలేను గద.

నూడుల్స్ గూడ పెట్టినం. దుకాణంల ప్యాకెట్ తెచ్చి, గుడ్డు కొట్టి నేనే వండిన. మోదుగాకుల పెట్టి బాయి కాడి బండ మీద పెట్టినం. అవ్వ 'హాంకాంగ్ కొడుకా, ఎవ్వలు లేరని రంది వెట్టుకోకు, మేమున్నం, వచ్చి తిను' అన్నది. మేము ఎనుకకు జరగనేలేదు, కాకి వచ్చింది. నూడుల్స్ ముక్కుకు తగిలిచ్చుకొని దారం లెక్క గుంజుకుంట పోయింది. మీకు పిట్ట ముట్టింది అన్నా.

అవ్వ సంబరపడ్తదనుకున్న. కోపమొచ్చింది. 'దేశం కాని దేశపోనికి గడియల ముట్టె. నాటుకోడి వండి పెట్టినా నా మొగనికి ముట్టకపాయె. ఆయనకేం మిగిలిపోయిందో ఆ లింగస్వామిని అడుగు, వేరే షిఫ్టుల ఉన్నడేమో చూడుమను' అని పొద్దుందాక నా పాణం తీసింది. నేను లేదు అవ్వా, గట్ల కాదు అవ్వా అనుకుంట పొద్దుందాక చెప్పిన. నా గొంతు పోయింది.

ముచ్చట ఊర్ల ఎర్కైంది. గుర్వయ్య పెదనాయిన మీ నంబర్ అడిగిండు. వాళ్ళ అత్త సచ్చేముందు కమ్మలు యాడ దాచిందో కనుక్కుంటడట. ఇయ్య అందామనుకున్న, పెద్దమనిషి గద, నోరు రాలే. ఇచ్చిన. మాఫ్ చెయ్యుండ్రి.

ఇట్లు
గొంతు పోయిన
పెద్దులు

తా.క.: గోళీల కంపెనీ అని చెప్పిన. 'అక్కడ గూడ గోళీలేనా? సచ్చినంక గూడ బీపీ ఇడ్సిపెట్టదా?' అని అవ్వ ఫికర్ల పడ్డది.

*

షాద్‌నగర్.

ఓరి తమ్మీ పెద్దులూ,

ఆశీస్సులు గీశీస్సులు తర్వాత. ఇగ పుస్తకం తెలుగు నాతోని కాదు. మీ గుర్వయ్య ఫోన్ చేసిండు. 'మా అత్తకు ఫోన్ ఇయ్యి' అన్నడు. ఆమె లేదు అన్న. 'ఎప్పుడొస్తది?' అన్నడు. నేను బతికున్నోన్ని పెద్దమనిషీ అని మొత్తుకుంటే, 'మా అత్త గూడ గంతే, ఒక్కటి గూడ సక్కగ చెప్పకపోతుండె' అని పెట్టేసిండు. ఆ తర్వాత మీ ఊరోళ్ళే ఇంకెవరో చేసిండ్రు. డ్యూటీల ఫోన్ మోగితే మా సూపర్‌వైజర్ 'ఎవరు లింగస్వామీ?' అన్నడు. 'పోయినోళ్ళ కోసం చేస్తున్రు సార్' అన్న. ఆయన నన్ను దవాఖానకు పోయి చూపెట్టుకొమ్మని సగం దినం సెలవిచ్చిండు.

ఆ సగం దినం ఇంట్ల కూసుండి నీ ఉత్తరాలన్నీ మల్ల చదివిన. తమ్మీ, మీ తాత కోపంగ లేడని ఒక్క మాట అంటే అవ్వ పాణం కుదుటపడ్తది, నాకు ఎర్కే. కని నేను అనలేను. చూడనిది చూసినట్టు చెప్పుడు సినిమాకైతే చెల్లుతది. అవ్వ కాడ చెల్లదు.

నాకు తెలిసింది ఒక్కటే చెప్త. ఆ సినిమాల పిలగాడు ఎప్పుడు పోయిండు? పొయ్యి ఆర్పినంక కాదు. ఆ పిల్ల నోరు తెరిచి పేరు పెట్టి పిలిచినంక. అన్ని దినాలు ఆమె ఏడ్సింది గని పిలవలే. మీ తాతకు మీ బాపు ఒట్టేసిండు, గుర్వయ్య భూమి ఇచ్చిండు. పిలువుమన్నది ఎవరిని?

మాసికం వస్తాంది కావొచ్చు గద. నోరు రాకపోతే రాకపాయె, ఊకె పోయి ముందల నిలవడు. వస్తే మాత్రం ఆపకు.

ఇట్లు
మీ లింగస్వామన్న

తా.క.: గుర్వయ్య మల్ల చేసిండు. ఈసారి సుమన ఎత్తింది. బియ్యం డబ్బల చూడుమని చెప్పింది. ఇగ ఫోన్ రాలే. దొరికినయా ఏంది?

*

బత్తాయి తోట కాడ.

మా లింగస్వామన్నకు,

పెద్దులు సంతోషంగ దండం పెట్టి రాసేది. అన్నా, మా తాతకు పిట్ట ముట్టింది!

నిన్న మాసికం. నాటుకోడి, గారెలు, పప్పు, అన్నీ ఆకుల పెట్టినం. పక్కకు కొన్ని నూడుల్స్ గూడ పెట్టినం, తాతకు తోడు మీరు గూడ తింటరని అవ్వ అన్నది. ఊరోళ్ళు సుట్టు నిలవడ్డరు. పిట్ట లేదు. మంది గుసగుస వెట్టిండ్రు. నేను ముందలికి పోయిన. నోరు తెరిచిన. మొదలు గాలి తప్ప ఏం రాలే. మల్ల 'తాతా' అన్న. మెల్లగనే అన్న. మల్ల గట్టిగ అన్న. 'తాతా, రా! బువ్వ సల్లారుతాంది!'

అన్నా, ఇగ ఆగలే. 'బోరు మోటర్ నేనే బాగు చేసిన తాతా. నువ్వు పెట్టిన చెట్టు కాత పట్టింది. అవ్వ నేను చెప్తే తింటలేదు, నువ్వన్న చెప్పు. నువ్వు పోయినప్పుడు నిన్ను పిలవాల్నంటే నువ్వు నిజంగనే పోయినట్టైతదని పిలవలే' అన్న. గంత మందిల ఏడ్సిన. సిగ్గు గూడ కాలే. గంతల రెక్కల సప్పుడైంది. మంది 'ముట్టింది, ముట్టింది' అని ఒర్లిండ్రు. నా కండ్లల్ల నీళ్ళకు నేను సక్కగ చూడనే లేదు.

ఇంటికొచ్చి అవ్వ కడుపునిండ తిన్నది. అన్నా, మీ ముఖం నేను ఒక్క ఫోటోల చూసిన, అది గూడ సగం ఆవిరే. అయినా మీరు చేసిన మేలు సచ్చేదాక మర్వ. సినిమా చెప్పినందుకు థాంక్స్. అబద్ధం చెప్పనందుకు గూడ థాంక్స్. ఫోన్ గూడ చేద్దామనుకుంటున్న. ఎత్తుతరా?

ఇట్లు
మీ తమ్ముడు
పెద్దులు

తా.క.: పిట్ట వచ్చినంక గూడ నేను మాట్లాడుతనే ఉన్ననట. గుర్వయ్య పెదనాయిన 'ఇగ సాలుర బాబూ, చిన్నాయినను తిననియ్యి' అన్నడు. కమ్మలు బియ్యం డబ్బల దొరకలే గని, వాళ్ళ అత్త నశ్యం డబ్బి దొరికిందట. సుమనక్కకు మహిమ ఉన్నదని ఊరంత చెప్తుండు.

ఇంకో తా.క.: లింగస్వామన్న బతికే ఉన్నడు అవ్వా అని ఇయ్యాల గట్టిగ చెప్పిన. 'అయ్యో అవునా, ఎప్పుడు బతికిండు?' అన్నది.

*

కొడుకా లింగస్వామీ,

నేను నర్సింగమ్మను, పెద్దులు వాళ్ళ అవ్వను. నాకు సదువు రాదు. నేను చెప్తుంటే మా పక్కింటి అక్షిత ఆమె ఫోన్ల రాస్తాంది. (నమస్తే అన్నా, నేను అక్షిత. అవ్వ చెప్పింది చెప్పినట్టే రాస్తున్న.) పెద్దులు తోటకు పోయిండు. వానికి గీ ముచ్చట చెప్పకు.

నువ్వు సచ్చినోనివి కాదని నాకు మొదటి దినమే ఎర్క. వీడియోల నువ్వు 'నేను ఈ లోకంలో లేను' అని ఏడుపు గొంతుతోటి అంటుంటే, వెనక నుంచి ఆడిమనిషి 'ఏమయ్యో, నల్లా వచ్చింది, బిందె వెట్టు' అని ఒర్లింది. సచ్చినంక గూడ నల్లా కాడ నిలవడాల్నంటే ఇగ సచ్చేం లాభం కొడుకా?

మరి గీ నాటకమెందుకు అంటవు. పోచయ్య పోయిన కాడి సంది పెద్దులుగాడు నోరిప్పలే. ఊ అంటే ఊ. కండ్లల్ల సుక్క నీళ్ళు తియ్యలే. పుణెకు పోయేటప్పుడు వాళ్ళ అమ్మ మీద పడి ఏడ్సినా వాడు రాయి లెక్కనే నిలవడ్డడు. నీ సినిమా చూసిననాడు నా ఒడిల తల వెట్టి ఎక్కెక్కి ఏడ్సిండు. నా కొంగు తడిసిందని రాసిండట గద, వాని ఫోన్ల అక్షిత చదివి చెప్పింది. తడిసింది నిజమే. తడిపింది వాడు. ఏడ్సినంక 'అవ్వా, గీ అన్నకు థాంక్స్ చెప్పాలె' అన్నడు. గన్ని దినాలకు వాని నోట్లకెళ్ళి వచ్చిన నిండు మాట అది.

థాంక్స్ చెప్తే ఒక్క దినంల అయిపోతది, మల్ల మూగవడ్తడు. అందుకే సంతాపం చెప్పుమన్న. గొడుగు అడుగుమన్న. బస్సు అడుగుమన్న. వానికి కోపమొచ్చేదాక అడిగిన, కోపమొస్తేనన్న మాట్లాడుతడని. (అన్నా, అవ్వ గివన్నీ ముందే అనుకునేది. గోళీల ముచ్చట చెప్పి మా ఇంట్ల కడుపువట్టుకొని నవ్వింది.)

పోచయ్యకు నా మీద కోపమేముంటది? బతికుండంగనే దినాం తిట్టుకున్నం, బాకీ ఏం లేదు. ఆయన రంది గీ పిలగాని మీదనే. వాడు పిలిస్తే పిట్ట వస్తది, నాకు ఎర్క. కని పిలిచినాక రాకపోతే వాడు మల్ల జన్మల నోరు తెరవడు. గా భయానికి పొద్దుగాల పొద్దుగాల నా బువ్వల సగం ఆ బండ మీద వేసి కాకులకు అలవాటు చేసిన. నీ నూడుల్స్ గడియల ముట్టినయ్ గద, అది నీ గొప్ప కాదు, నా బువ్వ గొప్ప.

నువ్వు అబద్ధం ఆడనందుకు నిన్ను తిట్టుకున్న. తర్వాత మంచిదే అనుకున్న. గీ ముచ్చటల ఒక్కరన్న నిజం చెప్పాలె గద. నా మనుమన్ని నాకు తెచ్చిచ్చినవ్ కొడుకా. నీ ఇల్లు సల్లగుండ. బిడ్డ సుమనను అడిగిన అని చెప్పు. వాడు ఇప్పుడు సుద్దులు చెప్పుడు ఆపుతలేడు, నాకు చెవులు నొస్తున్నయ్. రేపటి సంది నీకు ఫోన్ చేస్తడు. జర భరించు.

నిన్ను సల్లగుండమని దీవించే
నర్సింగమ్మ

తా.క.: ఒక్కటి నా కడుపుల ఆగుతలేదు. నేను బువ్వ వేసి అలవాటు చేసిన కాకులు రెండు ఆనాడు వేపకొమ్మ మీదనే కూసున్నయ్. దిగలే. పెద్దులుగాడు 'తాతా' అని ఒర్లంగనే గుట్ట దిక్కు నుంచి వేరేది వచ్చింది, నేను ఎన్నడు చూడనిది. నాటుకోడి ముట్టలే. నీ నూడుల్స్ దిక్కు చూడలే. ఆకు అంచుకు పచ్చి ఉల్లిగడ్డ ముక్క ఉంటే అది ముక్కున కరుచుకొని, బండ మీద కూసుండి నిమ్మలంగ తిన్నది. పోచయ్య బువ్వకు కూసుంటే మొదలు ఉల్లిగడ్డకే చెయ్యి వెడ్తుండె. అక్షిత నవ్వుతాంది. (నవ్వుతలేను అన్నా.) నువ్వు దేశదేశాల సినిమాలు చూసినోనివి, నిజం చెప్పు కొడుకా. కాకి ఉల్లిగడ్డ తినంగ యాడనన్న చూసినవా?